దేవదారు: చెట్టు, పలక, ప్రసంగం
తెలుగు బైబిలులోని ఒక మ్రాను పేరుపై విమర్శనాత్మక పరిశీలన

ప్రస్తావన

తెలుగు సంఘాల ప్రసంగాలలో తరచుగా వినిపించే చెట్ల పేర్లలో దేవదారు ఒకటి. మందిర ప్రతిష్ఠ రోజున, సంఘ వార్షికోత్సవాలలో, వృద్ధ విశ్వాసుల జ్ఞాపకార్థ కూటాలలో ఈ మాట తప్పక వస్తుంది. అయితే మాట్లాడే సేవకులలోను, వినే విశ్వాసులలోను ఆ చెట్టును కన్నులారా చూసినవారు అరుదు. మన నర్సంపేట చుట్టుపక్కల టేకు ఉంది, ఏగిస ఉంది, నల్లమద్ది ఉంది, తుమ్మ ఉంది. దేవదారు లేదు. కనబడని వస్తువు గురించి మాట్లాడేటప్పుడు దాని పేరులోని అందం వస్తువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. దేవదారు విషయంలో జరిగింది ఇదే.

ఈ వ్యాసంలో మూడు సంగతులను వరుసగా పరిశీలించడం ఉద్దేశం. మొదటిది, హెబ్రీలోని ఎరెజ్ అనే మాటకు దేవదారు అనే తెలుగు మాట ఎంతవరకు సరిపోతుంది? రెండవది, ఆ కర్రకు గల గుణాలేమిటి, వాటిని బట్టి సొలొమోను కట్టడాల వర్ణన ఎలా అర్థమవుతుంది? మూడవది, ఈ మ్రానుపై మన ప్రసంగ సంప్రదాయం లేఖనానికి నమ్మకంగా ఉందా? నా వాదన క్లుప్తంగా ఇది: లేఖనం నిలిచియున్న దేవదారు చెట్టును పొగడుతుంది గాని, దేవదారు పలకలు పరచిన ఇంటిని ప్రశ్నిస్తుంది. మన ప్రసంగాలు ఈ రెంటినీ కలిపివేశాయి.

1. పదం

మన పాత అనువాదకులు ఎరెజ్‌కు దేవదారు అనియు, దానితో జంటగా వచ్చే బెరోష్‌కు సరళపు మ్రాను అనియు వాడారు. ఈ జంట వారికి సంస్కృత సాహిత్యం నుండి దొరికింది. కాళిదాసు కుమారసంభవం మొదటి సర్గలోని హిమాలయ వర్ణనలో దేవదారు, సరళ వృక్షాలు రెండూ కనిపిస్తాయి. లెబానోను కొండలను తెలుగు చదువరికి చూపించడానికి అనువాదకులు హిమాలయాలను అరువు తెచ్చుకున్నారన్నమాట. వాడుక భాషలో తర్వాత వచ్చిన అనువాదాలు కూడా సాధారణంగా దేవదారు అనే మాటనే నిలుపుకొన్నాయి.

వృక్షశాస్త్ర దృష్టితో చూస్తే ఈ ఎంపిక మెచ్చదగినది. లెబానోను చెట్టు శాస్త్రనామం సీడ్రస్ లిబానీ, హిమాలయపు చెట్టు సీడ్రస్ డియోడారా. రెండూ ఒకే ప్రజాతికి చెందిన అక్కచెల్లెళ్లు. డియోడారా అనే శాస్త్రనామం కూడా మన దేవదారు అనే మాట నుండి వచ్చిందే. బైబిలు చెట్ల పేర్లలో ఇంత దగ్గరగా కుదిరినవి కొద్ది మాత్రమే. నోవహు ఓడకు వాడిన గోఫెర్ ఏ మ్రానో ఈనాటికీ పండితులు తేల్చలేదు. దానికి ఏ భాషలో ఏ పేరు పెట్టినా అది ఊహే. దేవదారు ఊహ కాదు.

అయినా ఈ మాటతో రెండు చిక్కులున్నాయి. మొదటిది, తెలుగు దేశంలోనే ఈ పేరు వేరే చెట్లకు కూడా చెల్లుతుంది. బడుల, కార్యాలయాల ఆవరణలలో గోడ వెంబడి నిటారుగా పెంచే పాలియాల్తియా చెట్టును సాధారణంగా అశోకమని పిలుస్తున్నా, కొన్ని చోట్ల దేవదారు అంటారు. పొడి అడవులలో పెరిగే ఎరిత్రోజైలం అనే చిన్న చెట్టుకు కూడా ఈ పేరుంది. దాని చేవ సువాసన గలది. వీటిలో ఏదీ సీడ్రస్ కాదు. ఆయుర్వేద మందుల దుకాణంలో దొరికే దేవదారు చెక్క, బాలింతలకిచ్చే దేవదార్వ్యాది కషాయంలో పడేది, హిమాలయపు చెట్టుదే. కాబట్టి మన పెద్దవారు కొందరు ఈ మ్రానును కంటితో చూడకపోయినా కషాయపు వాసనలో ఎరుగుదురు.

రెండవ చిక్కు మరింత లోతైనది. తెలుగు మాటలో దేవ అనే శబ్దం ఉంది. దేవతల దారువు, అనగా దేవతల కర్ర అని దాని అర్థం. హెబ్రీలోని ఎరెజ్‌లో దేవుడనే అర్థమేదీ లేదు. నిజమే, 80వ కీర్తన 10వ వచనంలో హెబ్రీ మూలం ఈ చెట్లను దేవుని పేరుతో కలిపి చెబుతుంది; 104వ కీర్తన 16వ వచనం యెహోవా నాటిన చెట్లని చెబుతుంది. కాని అక్కడ ఆ సంబంధాన్ని కవి వాక్యంలో చెప్పాడు. అది చెట్టు పేరులో లేదు. పేరులోనే దైవత్వం ఉన్నదనుకోవడం తెలుగు మాట మనకు పెట్టిన శోధన.

పేర్ల గందరగోళం మనది మాత్రమే కాదు. సువాసనగల సీడారు అని అమెరికాలో బట్టల పెట్టెలకు, అలమరల లోపలి పలకలకు అమ్మే కర్ర నిజానికి జూనిపర్ జాతికి చెందినది. దాని శాస్త్రనామం జూనిపెరస్ వర్జీనియానా. పందొమ్మిదవ శతాబ్దంలో పెన్సిళ్లకు ఎక్కువగా వాడింది దానినే. బైబిలులోనే ఇలాంటి సందేహం ఉంది. లేవీయకాండము 14వ అధ్యాయంలో కుష్ఠరోగి శుద్ధీకరణకు, సంఖ్యాకాండము 19వ అధ్యాయంలో ఎర్రని పెయ్య బలిలో ఎరెజ్ కర్ర కావాలి. సీనాయి అరణ్యంలో లెబానోను దేవదారు పెరగదు. అక్కడ దొరికే జూనిపర్‌నే ఆ పేరుతో పిలిచి ఉంటారని అనేకమంది వ్యాఖ్యాతల అభిప్రాయం. సువాసనతో కూడిన ఎర్రని చేవ ఉంటే చాలు, ప్రజలు దానికి ఒకే పేరు పెడతారు.

2. కర్ర గుణాలు

ప్రసంగాలలో దేవదారును ఇనుముతో సమానమైన గట్టి కర్రగా వర్ణించడం వింటుంటాం. ఇది సరికాదు. ఎండిన లెబానోను దేవదారు ఒక ఘనపు మీటరు సుమారు 520 కిలోలు తూగుతుంది. మన టేకు సుమారు 650 కిలోలు తూగుతుంది. గట్టిదనంలో కూడా టేకుదే పైచేయి. దేవదారు తేలికైనది, మెత్తనిది, ఉలికి త్వరగా లొంగేది. చిత్రిక పడితే నున్నగా వస్తుంది. ముడులున్న చోట మాత్రం పెళ్లలు లేచే అవకాశం ఉంది. ఎండిన తర్వాత పెద్దగా ముడుచుకోదు, వంకర తిరగదు. దేవదారును శ్రేష్ఠమైనదిగా చేసింది దాని గట్టిదనం కాదు. పొడవు, సూటిదనం, స్థిరత్వం, సువాసన, చెడిపోకుండా నిలిచే శక్తి.

ఆ శక్తికీ సువాసనకూ మూలం ఒకటే. చేవలోని నూనెలు, జిగురు పదార్థాలు బూజుకు, పురుగుకు గిట్టవు. సీడ్రస్ నూనెలోని ముఖ్యమైన ఒక భాగానికి రసాయనశాస్త్రంలో హిమచలీన్ అని పేరు. హిమాలయపు జ్ఞాపకం ఆ పేరులో కూడా నిలిచింది. ఈ గుణం చేవకు మాత్రమే చెందినదని మరవరాదు. బెరడుకు దగ్గరగా ఉండే తెల్లని భాగం ఏ చెట్టుదైనా త్వరగా పుచ్చుతుంది. టేకు కూడా తన చేవలోని టెక్టోక్వినోన్ వంటి పదార్థాల వల్లనే చెదలకు లొంగదు. అంటే దేవదారుకు ప్రత్యేకమని మనం చెప్పే గుణం మన అడవిలోని చెట్టుకు కూడా దేవుడిచ్చినదే.

చేవ ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి ఐగుప్తు సాక్ష్యం ఉంది. ఖూఫు రాజు పిరమిడు ప్రక్కన 1954లో బయటపడిన ఓడ సుమారు 43 మీటర్ల పొడవు గలది. ఎక్కువ భాగం లెబానోను దేవదారుతో చేసినది. అది 4,500 ఏళ్ల నాటిది. మన దేశంలో శ్రీనగర్ జామా మసీదులో సుమారు 370 దేవదారు స్తంభాలు పైకప్పును మోస్తున్నాయి. దాల్ సరస్సు మీది పడవ ఇళ్లు కూడా సంప్రదాయంగా ఈ కర్రవే.

సువాసన విషయంలో కూడా అతిశయోక్తి వద్దు. అమెరికాలో వాడే సీడారు పెట్టెల అనుభవం ఇక్కడ పనికివస్తుంది. దాని నూనె బట్టల పురుగు యొక్క చిన్న పిల్లపురుగులను చంపగలదు గాని, గుడ్లను, ఎదిగిన పురుగులను అంతగా ఏమీ చేయలేదు. కాలం గడిచేకొద్దీ వాసన తగ్గిపోతుంది. పైపొరను ఉప్పుకాగితంతో రుద్దితే తిరిగి వస్తుంది. పెట్టె లోపల వార్నీషు వేస్తే నూనె బయటికి రాదు గనుక పలకను అలాగే వదిలివేస్తారు. మెరుగు పెట్టినచోట వాసన ఆగిపోతుందన్న ఈ సంగతిని సొలొమోను మందిరం గురించి చదివేటప్పుడు గుర్తుంచుకోవాలి. యెహెజ్కేలు 27:24లో తూరు వర్తకులు దేవదారు పెట్టెలలో బట్టలు అమ్మారని పాత ఇంగ్లీషు అనువాదం చెబుతుంది. అయితే అక్కడి హెబ్రీ మాటకు గట్టిగా పేనిన తాళ్లు అనే అర్థమే సరియైనదని తర్వాతి అనువాదాలు ఎంచాయి. ఆ వచనం మీద దేవదారు పెట్టెల గూర్చిన సిద్ధాంతం కట్టకపోవడం మంచిది.

3. వడ్రంగి కన్నుతో రాజుల మొదటి గ్రంథం

మందిర వర్ణనను వ్యాఖ్యాతలు ఎక్కువగా ఛాయారూపకంగా చదువుతారు. ఒక వడ్రంగి దానిని చదివితే ముందుగా కొలతలు చూస్తాడు. మందిరం పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. మూరను 45 సెంటీమీటర్లుగా తీసుకుంటే వెడల్పు 9 మీటర్లు. మధ్యలో స్తంభం లేకుండా 9 మీటర్లు దాటాలంటే గోడల మీద ఆనే భాగంతో కలిపి అంతకంటే పొడవైన దూలాలు కావాలి. యూదయలో దొరికే మేడి, ఒలీవ, సింధూర మ్రానులు అంత సూటిగా, అంత పొడవుగా పెరగవు. లెబానోను దేవదారు 30 మీటర్లకు పైగా ఎదుగుతుంది. కాబట్టి సొలొమోను హీరామును అడిగింది ముందుగా అలంకారం కోసం కాదు, పైకప్పు కోసం. తేలికగా ఉండడం వల్ల ఆ దూలాలు గోడల మీద ఎక్కువ భారం మోపవు. సముద్రంలో తెప్పలుగా కట్టి తేవడానికి కూడా వీలవుతుంది. ఐదవ అధ్యాయంలో హీరాము చెప్పిన రవాణా పద్ధతి ఇదే.

లెబానోను అరణ్య నగరు అనే రాజభవనంలో కొలత మారింది. దాని వెడల్పు 50 మూరలు, అనగా 22 మీటర్లకు పైనే. ఏ చెట్టు దూలమూ అంత దూరం ఒంటరిగా దాటలేదు గనుక అక్కడ దేవదారు స్తంభాల వరుసలు అవసరమయ్యాయి. దానికి అరణ్యమనే పేరు రావడానికి ఆ స్తంభాల గుంపే కారణమై ఉండాలి.

ఆరవ అధ్యాయాన్ని శ్రద్ధగా చదివితే మందిరమంతా దేవదారు అనే మన మాట నిలువదు. గోడలకు, పైకప్పుకు దేవదారు. నేలకు సరళపు పలకలు. గర్భాలయంలోని కెరూబులకు, దాని తలుపులకు ఒలీవ మ్రాను. బయటి మడత తలుపులకు మళ్లీ సరళపు మ్రాను. ఒలీవ కర్ర దేవదారు కంటే చాలా బరువైనది, గట్టిది. పెద్ద పొడవు రాదు గాని సన్నని చెక్కడానికి నిలుస్తుంది. ఏ చోటికి ఏ కర్ర అనే వివేకం ఆ పనివారికి ఉంది. మన వడ్లవారు కూడా గుమ్మానికి ఒక కర్ర, బండి ఇరుసుకు ఒక కర్ర, నాగలికి ఒక కర్ర ఎంచుకుంటారు. ఒకే కర్ర అన్నిటికీ శ్రేష్ఠమని ఏ పనివాడూ అనడు.

మరొక సంగతి. దేవదారు పలకల మీద కాయలు, విచ్చిన పువ్వులు చెక్కారు. రాయి కనబడకుండా కప్పారు. ఆ తర్వాత ఆ పలకలన్నిటినీ బంగారంతో పొదిగారు. రాతిని కర్ర కప్పింది, కర్రను బంగారం కప్పింది. వడ్రంగి మాటలో చెప్పాలంటే, దేవదారుకు గల రంగు, నార, సువాసన అన్నీ రేకు క్రిందికి వెళ్లిపోయాయి. మందిరంలో దేవదారు సువాసన నిండి ఉండేదని మనం ప్రసంగించేటప్పుడు ఈ బంగారు రేకును మరచిపోతున్నాం. పాఠం ఆ సువాసన గురించి ఒక్క మాట కూడా చెప్పదు. దేవదారు సువాసనతో మనం కలుపుకొనే లెబానోను పరిమళం పరమగీతములోను, హోషేయ 14లోను ఉంది. అక్కడ ఆ పరిమళం కొండది, పలకది కాదు.

4. కూలి లెక్క

ఇంతవరకు పనితనం. ఇక పనివారి సంగతి. 1 రాజులు 5:13-14 ప్రకారం సొలొమోను ఇశ్రాయేలీయులందరిలో నుండి 30,000 మందిని వెట్టికి పట్టాడు. నెలకు 10,000 మంది చొప్పున వంతులు. ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంటి దగ్గర. లెక్క వేస్తే ఒక్కొక్కడు ఏడాదిలో నాలుగు నెలలు కొండ మీద ఉన్నాడు. మన ప్రాంతపు చిన్న రైతు నాలుగు నెలలు ఊళ్లో లేకపోతే నాటు, కలుపు, కోత వీటిలో ఏదో ఒకటి తప్పిపోతుంది. వీరు గాక బరువులు మోయువారు 70,000 మంది, కొండలలో రాళ్లు కొట్టువారు 80,000 మంది. మందిరానికి 7 ఏళ్లు, రాజు నగరుకు 13 ఏళ్లు పట్టింది.

ఇశ్రాయేలీయులలో ఎవరినీ దాసులుగా చేయలేదని 9:22 చెబుతుంది. ఐదవ అధ్యాయం చెప్పేదానికి ఇది పొసగదు. ఈ రెండు భాగాలను సర్దడానికి వ్యాఖ్యాతలు తాత్కాలిక వెట్టి, శాశ్వత దాస్యం అనే భేదం చూపుతారు. ఆ భేదం వ్యాకరణానికి సరిపోవచ్చు. కాడి మోసిన భుజానికి సరిపోలేదు. సొలొమోను చనిపోయిన వెంటనే ప్రజలు రెహబాము దగ్గరకు వచ్చి అడిగింది ఆ కాడి తేలిక చేయమనే. వెట్టిపనివారిపై అధికారియైన అదోరామును వారు రాళ్లతో కొట్టి చంపారు. రాజ్యం రెండుగా చీలింది.

వెల కూడా గమనించాలి. హీరాము ఇంటివారికి ఏటేటా గోధుమలు, నూనె వెళ్లాయి. అది చాలక, 9:11 ప్రకారం దేవదారు, సరళపు మ్రానులకు, బంగారానికి బదులుగా గలిలయలోని 20 పట్టణాలను సొలొమోను హీరాముకు ఇచ్చాడు. వాటిని చూసి హీరాము తృప్తిపడలేదని కూడా పాఠం చెబుతుంది. కర్ర కోసం ఊళ్లు ఇవ్వబడ్డాయి. ఆ ఊళ్లలోని మనుష్యులు ఏమన్నారో గ్రంథం చెప్పదు. మందిర ప్రతిష్ఠ ప్రసంగాలలో మనం ఆరవ అధ్యాయం, ఎనిమిదవ అధ్యాయం చదువుతాం. ఐదవ అధ్యాయం చివరి వచనాలను, తొమ్మిదవ అధ్యాయాన్ని చదవం.

5. ప్రవక్తల తీర్పు

దేవదారు ఇంటిని గూర్చిన మొదటి ప్రశ్న దేవునిదే. 2 సమూయేలు 7లో దావీదు తాను దేవదారు ఇంట్లో ఉండగా మందసం డేరాలో ఉన్నదని చింతించాడు. దేవుడు దానికి సంతోషించి అనుమతి ఇవ్వలేదు. నాకు దేవదారు మందిరం కట్టించలేదేమని నేను ఎవరినైనా అడిగానా అని ప్రశ్నించాడు. ఆ తర్వాత కట్టడానికి దేవుడు సెలవిచ్చింది నిజమే. కాని దేవదారు కావాలని ఆయన కోరలేదన్న మాట అలాగే నిలిచి ఉంది.

యిర్మీయా 22వ అధ్యాయం ఈ విషయంలో కేంద్రస్థానం వహిస్తుంది. యెహోయాకీము విశాలమైన మేడ కట్టి, కిటికీలు పెట్టి, దేవదారు పలకలతో సరంబీ వేసి, ఇంగిలీకపు రంగు పూశాడు. పొరుగువానిచేత పని చేయించుకొని జీతం ఇవ్వలేదు. ప్రవక్త అతనిని అడిగిన ప్రశ్న పదునైనది: దేవదారులో పోటీపడితే రాజువవుతావా? అతని తండ్రి యోషీయా అన్నపానములు కలిగి, నీతిన్యాయాలు జరిగించి, దీనుల పక్షం వహించాడు. దేవుని తెలుసుకొనడమంటే అదే అని ప్రవక్త ముగిస్తాడు. దేవుని ఎరుగుట అనే మాటకు పాత నిబంధనలో ఇంత స్పష్టమైన నిర్వచనం మరెక్కడా లేదు. అది దేవదారు పలకకు ఎదురుగా నిలబెట్టి చెప్పిన నిర్వచనం.

యెషయా 14:8లో బబులోను రాజు పడిపోయినప్పుడు లెబానోను దేవదారులు సంతోషిస్తాయి, నరికేవాడు ఇక రాడని. చెట్టు పక్షాన మాట్లాడిన ప్రవక్త ఇతడు. అశ్శూరు, బబులోను, ఐగుప్తు, రోము ఇలా ఒక్కొక్క సామ్రాజ్యం ఆ కొండను నరికింది. క్రీ.శ. రెండవ శతాబ్దంలో హద్రియాను చక్రవర్తి మిగిలిన అడవిని తనకు ప్రత్యేకించుకొంటూ లెబానోను బండల మీద శాసనాలు చెక్కించాడు. అవి నేటికీ ఉన్నాయి. ఖదీషా లోయతో కలిపి 1998లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన దేవదారు తోపు ఆ మహారణ్యంలో మిగిలిన చిన్న శేషం.

ఇక మందిరపు దేవదారు? అది పుచ్చలేదు, చెదలు తినలేదు. క్రీ.పూ. 587-586 ప్రాంతంలో బబులోనువారు పెట్టిన అగ్నిలో కాలిపోయింది. నూనెగల కర్ర త్వరగా మండుతుంది.

6. మన ప్రసంగాలలో మూడు పొరపాట్లు

మొదటిది 92వ కీర్తన విషయం. నీతిమంతుడు దేవదారువలె ఎదుగుతాడన్న మాటను తీసుకొని, దేవదారు పుచ్చదు, చెదలు పట్టదు, సువాసన ఇస్తుంది, విశ్వాసి కూడా అలాగే అని మూడు అంశాల ప్రసంగం చేస్తాం. కీర్తన చెప్పేది వేరు. అక్కడ ఉన్నది యెహోవా మందిరావరణంలో నాటబడి, ముసలితనంలోనూ పచ్చగా ఉన్న చెట్టు. పుచ్చకపోవడం, పలకగా సువాసన ఇవ్వడం నరికిన కర్ర గుణాలు. కీర్తనలో ఉన్నది చెట్టు. ప్రసంగంలో ఉన్నది పలక. ఈ తేడా చిన్నది కాదు. చెట్టు బ్రతకడానికి వేరు, నీరు కావాలి, అంటే ఆధారపడడం. పలకకు ఏమీ అవసరం లేదు. ఎవరి మీదా ఆధారపడని విశ్వాసిని కీర్తనకారుడు ఎరుగడు.

రెండవది యెషయా 9:10. ఇటుకలు పడిపోతే చెక్కిన రాళ్లతో కడతాం, మేడి మ్రానులు నరకబడితే దేవదారు వేస్తాం అనే భావం గల ఈ మాటలను పునరుద్ధరణ వాగ్దానంగా ప్రకటించడం అనేక కూటాలలో విన్నాను. ముందు వచనం చదివితే ఇది గర్వంతో, అతిశయ హృదయంతో ఎఫ్రాయిమువారు పలికిన మాట అని తెలుస్తుంది. తర్వాతి వచనంలో దేవుడు వారి మీదికి శత్రువులను రేపుతాడు. ఆ మేడి సామాన్యుల ఇళ్లకు దూలమైన చెట్టు. ఆమోసు కాయలు ఏరుకున్న చెట్టు, జక్కయ్య ఎక్కిన చెట్టు. సామాన్యుని కర్ర పోయి ధనవంతుని కర్ర రావడాన్ని ఆశీర్వాదమని చెప్పడం ప్రవక్త మాటను తలక్రిందులు చేయడమే.

మూడవది లేవీయకాండము 14. దేవదారు కర్ర క్రీస్తు దైవత్వానికి, హిస్సోపు ఆయన మనుష్యత్వానికి గుర్తు అని కొందరు బోధిస్తారు. వెదకితే ఈ బోధకు ఆధారం దేవ అనే తెలుగు శబ్దం తప్ప మరేదీ కనబడదు. హెబ్రీలోనైనా, గ్రీకులోనైనా, ఇంగ్లీషులోనైనా చదివేవానికి ఈ ఆలోచన రాదు. అనువాదంలోని ఒక అక్షరం మీద సిద్ధాంతాన్ని నిలబెట్టరాదు. 1 రాజులు 4:33లో సొలొమోను దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు వరకు మాట్లాడాడని ఉంది. ఎత్తైనది, అల్పమైనది అనే హద్దులుగా ఆ రెంటినీ చెప్పడం నాటి వాడుక. శుద్ధి పొందే రోగి విషయంలో కూడా ఆ భావం సరిపోతుంది.

7. ఒక ఆక్షేపణ

ఇలా చెబితే మందిరం కట్టవద్దంటున్నారా అని అడగవచ్చు. హగ్గయి ప్రవక్త కొండకు వెళ్లి మ్రాను తెచ్చి మందిరం కట్టమన్నాడు కదా? అన్నాడు. అయితే హగ్గయి మొదటి అధ్యాయంలో సరంబీ వేసిన ఇళ్లు ప్రజలవి. పాడుగా ఉన్నది దేవుని మందిరం. ఏ మ్రానో అతడు పేర్కొనలేదు. ఎజ్రా 3:7లో లెబానోను నుండి దేవదారు యొప్పేకు వచ్చింది. అక్కడ కాసెపనివారికి, వడ్రంగులకు ద్రవ్యం ఇచ్చారని, సీదోను తూరువారికి అన్నపానములు, నూనె ఇచ్చారని అదే వచనం చెబుతుంది. ఇక్కడ వెట్టి లేదు. దేవదారు కర్ర పాపం కాదు. ఎవరి చెమటతో, ఏ వెలతో వచ్చిందన్నదే ప్రశ్న. యిర్మీయా ప్రశ్న, ఎజ్రా వివరం ఒకే దిక్కుకు చూపుతాయి.

దేవునికి శ్రేష్ఠమైనదే ఇవ్వాలన్న మాట కూడా సత్యమే. శ్రేష్ఠమైనది అంటే ఖరీదైనది, దూరం నుండి వచ్చినది అని మాత్రమే అర్థం చేసుకోవడంలో పొరపాటు ఉంది. ప్రత్యక్షపు గుడారం, మందసం తుమ్మకర్రవి. అరణ్యంలో దొరికే చెట్టు అది. దేవుని మహిమ దిగిరావడానికి ఆ కర్ర అడ్డు కాలేదు.

8. మన ప్రాంతానికి ఏమి?

మన ప్రాంతంలోనే ఒక మంచి మాదిరి ఉంది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషపుగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య నాయకత్వంలో లేచి, 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ ఎపిఫనీ కేథడ్రల్‌ను చూడండి. దాని స్తంభాలపై తామర, అరటి పువ్వు వంటి మన నేల రూపాలున్నాయి. ఇంగ్లండు నమూనాను తెచ్చి నిలబెట్టకుండా ఇక్కడి శిల్పసంప్రదాయంలో కట్టారు. ఎరెజ్‌కు దేవదారు అని పెట్టిన అనువాదకులు మాటలో చేసిన పనినే అజరయ్య రాతిలో చేశారు. అందుకే పేరు మార్చాలని నేను సూచించడం లేదు. దేవదారు అనే పదం ఉండాలి. అధ్యయన ప్రతులలో అది లెబానోను చెట్టు అనియు, పేరులోని దేవ శబ్దానికి హెబ్రీలో ఆధారం లేదనియు ఒక చిన్న వివరణ ఉంటే చాలు.

అయితే మన గ్రామ సంఘాలలో నేడు జరుగుతున్నది వేరు. దినకూలి మీద బ్రతికే ఇరవై, ముప్పై కుటుంబాల సంఘం కూడా పక్క ఊరి మందిరంతో పోటీపడి, చెక్కడపు తలుపులు, పెద్ద పల్పిట్, పైకప్పుకు పలకలు అని అప్పు చేస్తుంది. కానుక ఇవ్వలేని విధవరాలి పేరు పలకపై ఉండదు. పని చేసిన వడ్లాయనకు సగం కూలి ఇచ్చి, మిగిలినది దేవుని పనికి వదులుకోమని చెప్పడం కూడా కొన్నిచోట్ల ఉంది. వదులుకోవడం అతని ఇష్టం. అడగడం మనకు తగదు. టేకు వాడితే అది అనుమతితో నరికినదా, రవాణా పత్రం ఉన్నదా అని అడగడం కూడా సంఘ పెద్దల బాధ్యతే. పాకాల అడవి అంచున నివసించే మనకు అక్రమంగా నరికిన కర్ర ఎలా చవకగా వస్తుందో తెలియనిది కాదు. అలాంటి కర్రతో దేవుని ఇంటి తలుపు చేస్తే యెషయా 14లోని చెట్లు మనకు విరోధంగా సాక్ష్యం చెబుతాయి.

కాబట్టి మందిర నిర్మాణ సంఘాలు లెక్కల పుస్తకంలో కర్ర వెలకు ముందు కూలి వెల వ్రాసుకొనడం మంచిది. ప్రతిష్ఠకు ముందే వడ్రంగికి, తాపీవానికి చెల్లింపు పూర్తికావాలి. ప్రతిష్ఠ దినాన చదివే పాఠాలలో 1 రాజులు 8తో పాటు యిర్మీయా 22:13-16 కూడా చేర్చాలని నా మనవి.

ముగింపు

యెహెజ్కేలు 17వ అధ్యాయం చివర దేవుడు ఒక ఎత్తైన దేవదారు చివరి లేత కొమ్మను త్రుంచి తానే నాటుతాడు; దాని నీడలో సమస్త పక్షులు గూడు కట్టుకొంటాయి. ఇశ్రాయేలు నిరీక్షణకు ఆ చెట్టు గుర్తు. యేసు ప్రభువు దేవుని రాజ్యాన్ని గూర్చి చెప్పినప్పుడు ఆ పక్షులను, ఆ నీడను ఉంచుకొన్నాడు. దేవదారు స్థానంలో ఆవగింజను పెట్టాడు. క్రొత్త నిబంధనలో ఎరెజ్ మ్రాను పేరు ఒక్కసారి కూడా రాదు. ఇది యాదృచ్ఛికమని అనుకోలేం. మార్కు 6:3 ప్రకారం ఆయన స్వయంగా వడ్లవాడు. కర్ర గుణం, కూలి విలువ రెండూ ఎరిగినవాడు తన రాజ్యానికి పెరటి మొక్కను ఎంచుకొన్నాడు. దేవదారును గూర్చి ప్రసంగించే మనం ఆ ఎంపికను గౌరవించి, చెట్టును చెట్టుగా, పలకను పలకగా, పనివానిని పొరుగువానిగా చూడవలసి ఉన్నది.